పెద్దావిడ ఒళ్లో మిషను

ఇంట్లో ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. పెరట్లో నేను పుస్తకాల అల్మారా చేసుకుంటున్నానని మా ఇంట్లో అనుకుంటున్నారు. నిజానికి నేను చేస్తున్నది చెక్కతో సీఎన్సీ రూటరు. కంప్యూటర్లో గీసిన బొమ్మను అది దానంతటదే చెక్క మీద చెక్కాలి. అది తిరగకపోతే అందరూ నవ్వుతారని భయం.

ఏలూరులో దాని చట్రానికి మోటారు బిగించుకుని ఆకివీడు బస్సెక్కాను. సీటు దొరకలేదు. కూర్చుని ఉన్న ఒక పెద్దావిడ, నిలబడ్డవాళ్ల సంచులు అందుకున్నట్టే, నా చట్రాన్నీ అందుకుని ఒళ్లో పెట్టుకున్నారు.

"ఏంటమ్మా ఇది, కుట్టుమిషనా?"

అల్మారా అనబోయాను. కానీ మోటారు కనబడుతూనే ఉంది.

"చెక్కను చెక్కే మిషనండీ. నేనే చేస్తున్నాను."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"నువ్వే! తిరుగుద్దా మరి?"

"ఇంకా తెలీదండీ. ఇంట్లో కూడా చెప్పలేదు."

ఆవిడ నవ్వలేదు. కొల్లేరు దాటేదాకా, బస్సు కుదిపినప్పుడల్లా మోటారుకు రెండు చేతులూ అడ్డం పెట్టారు. నాకు ఎందుకో చాలా హాయిగా అనిపించింది. కైకలూరులో దిగుతూ తన సీట్లో నన్ను కూర్చోబెట్టి, చట్రం నా ఒళ్లో పెట్టారు. నా పేరు గానీ ఊరు గానీ అడగని ఆ మనిషి, వంగి, నా చెవిలో మెల్లగా అన్నారు:

"మీ ఇంట్లోవాళ్లకి నేను చెప్పన్లేమ్మా."