తొడిమలు తీసిన కాయలు

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో మాకో నిబంధన పెట్టారు. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రాజెక్టు తెచ్చి అతికిస్తే కుదరదు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా పనికొచ్చేది చెయ్యాలి, పనికొచ్చిందని వాళ్ల చేత సంతకం పెట్టించుకు రావాలి. సంతకం లేకపోతే పాసు లేదు. పాసు కాకపోతే అప్పటికే నాకు ఖాయమైన ఉద్యోగం గోవిందా.

నేనూ, మా క్లాసులో ఒకబ్బాయీ కలిసి మిరపకాయలు ఎండాయో లేదో చెప్పే పెట్టె తయారుచేశాం. గుప్పెడు కాయలు పోసి మూత పెడితే చాలు. ఎండితే పచ్చదీపం, ఎండకపోతే ఎర్రదీపం. పిడుగురాళ్ల దగ్గర మూడెకరాల్లో మిరప వేసిన ఒకావిడ, తన కల్లంలో దాన్ని పరీక్షించుకోమన్నారు. మొదటిరోజు నేను ఆంటీ అని పిలిచాను.

"నేను నీకెప్పుడు ఆంటీనయ్యానమ్మాయ్? శుభ్రంగా పిన్నీ అను. ముందా చెప్పులు బయట విడువు!"

పొద్దున్నే రాశి మీద కప్పిన పట్టాలు తీసి కాయలు పరుస్తారు, మధ్యాహ్నం తిరగేస్తారు, మంచు పడకముందే రాశి పోసి కప్పేస్తారు. కాయ ఎండిందో లేదో తేల్చేది మాత్రం పిన్ని ఒక్కతే. నాలుగు కాయలు చెవి దగ్గర ఆడించి, గింజల గలగల విని, "ఇంకా రెండెండలు కావాలి," అంటుంది. రెండెండలంటే రెండు రోజులు. ఇదేం కొలతని నవ్వుకున్నాను. అప్పట్లో నాకు పొగరు బాగానే ఉండేది.

"సరే, ఒక మూల కాయకి మీ పెట్టె చెప్పినట్టే చేద్దాం," అంది పిన్ని. పెట్టె పచ్చదీపం వెలిగించింది. పిన్ని కాయలు ఆడించి తల అడ్డంగా ఊపింది గానీ, మాటిచ్చింది కాబట్టి ఒక బస్తా నింపి కుట్టించింది.

నాలుగు రోజులకు కాలేజీ నుంచి మా ప్రాజెక్టు మేడం పని చూడ్డానికి వచ్చారు. ఆవిడ ముందు నేను ఇంగ్లిషులో దంచేస్తున్నాను. నా జోడీగాడు మిరపకాయల చేత్తో కళ్లు నలుపుకుని బకెట్లో మొహం పెట్టాడు. "ఒరేయ్, నిన్ననేగా చెప్పింది!" అని వాణ్ణి కసిరి, పిన్ని ఆ బస్తా కుట్లు విప్పింది.

"చెయ్యి పెట్టి చూడమ్మాయ్."

పెట్టాను. లోపల వెచ్చగా, చెమ్మగా ఉంది. పిన్ని ఒక కాయ తీసి తొడిమ విరవబోయింది. విరగలేదు, వంగింది.

"మీ పెట్టెలో పోసేటప్పుడు తొడిమలేం చేశారు?"

తొడిమలుంటే మూత సరిగ్గా పడటం లేదని, ఇద్దరం కూర్చుని ఒక్కో కాయకీ తొడిమ తీసి మరీ పోశాం. పెట్టె తప్పేమీ లేదు. తడంతా మేం పారేసిన తొడిమల్లోనే ఉంది.

మేడం నావైపే చూస్తున్నారు. నిన్న మంచు ఎక్కువ పడిందండీ అనేస్తే సరిపోయేది. కానీ ఇంకో వారం ఊరుకుంటే ఆ బస్తాకి బూజు పట్టేది. అది పిన్ని ఏడాది కష్టం. సిగ్గుతో చచ్చిపోతూ, "తీసేశామండీ," అన్నాను.

పిన్ని తిట్టలేదు. బస్తా కుమ్మరించి, నన్నూ, కళ్లు తెరవలేని మావాణ్ణీ పరవమంది. మేం పరుస్తుండగా సంతకం పెట్టాల్సిన మా కాలేజీ కాగితం తెప్పించుకుని, అభిప్రాయం అన్న చోట రాసింది: "పిల్లలు మంచివాళ్లు. పెట్టెకి ఇంకా రెండెండలు కావాలి." సంతకం మాత్రం పెట్టలేదు.

మేడం అది చదివి, సరిగ్గా రెండు రోజులు గడువిచ్చారు.

మొదటిరోజు పెట్టెకి లోతైన గిన్నె, పెద్ద మూత అమర్చి, లెక్కలన్నీ మళ్లీ సరిచూశాం. రెండోరోజు పిన్ని ఇంకా ఎండని రాశిలోంచి గుప్పెడు కాయలు తొడిమలతో సహా తెచ్చి పోసింది. ఎర్రదీపం వెలిగింది. దాన్ని చూసి నేను ఎగిరి గంతేశాను. పిన్ని మాత్రం అదే రాశిలోంచి మరో గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించి, పెట్టెకేసి ఒకసారి చూసి, "పెన్నివ్వు," అంది.