ఊహూఁ మావయ్యకు నచ్చని బ్రష్

ఊహూఁ మావయ్యకు నచ్చిన వస్తువు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. ఏది చూపించినా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, అటు తిప్పి ఇటు తిప్పి, "ఊహూఁ" అంటాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకైనా గుర్తుందో లేదో అనుమానమే. దొరికిన ఉద్యోగమూ అలాంటిదే, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. రిటైరయ్యాక తప్పు పట్టడానికి త్రాసులు లేక జనం మీద పడ్డాడు.

డాక్టరు పరీక్ష చేసి మీకే రోగమూ లేదంటే, "ఊహూఁ, సరిగ్గా చూడు" అని కదలకుండా కూర్చున్నాడు. చివరికి పాపం ఆ డాక్టరుకే బి.పి. వచ్చింది. ఇంకోసారి పొద్దున్నే ఫోటో దిగడానికి వెళ్ళి, దీపాలు పెట్టేవేళ దాకా తీసిన ఫోటోలన్నీ కాదన్నాడు. ఆఖరికి కళ్ళు మూసుకుపోయిన ఫోటో ఒకటి ఏరుకుని, ఇందులోనే కాస్త మనిషిలా ఉన్నానన్నాడు. చెప్పుల షాపువాడైతే ఆయన వీధి మలుపు తిరగడం చూస్తే చాలు, షట్టరు దించేస్తాడు.

అలాంటి మనిషి ఒకరోజు వదిన షాపులోకి వచ్చి షేవింగ్ బ్రష్ కావాలన్నాడు. వదిన గుండెల్లో రాయి పడింది.

ఆయన ఆమెకు స్వయానా మేనమామ. వదిన అని ఆమెను మొదట పిలిచింది మరిది, తర్వాత వీధి వీధంతా అదే పిలుపు పట్టుకుంది. అత్తగారు పోయేనాటికి ఆ మరిది పసివాడు. తన చేత్తో తినిపించి పెంచింది. ఇప్పుడు భర్తా మరిదీ వెనక గదిలో షేవింగ్ బ్రష్‌లు చేస్తే, ముందు గదిలో కూర్చుని ఆమె అమ్ముతుంది. అన్న పంది వెంట్రుకలు ఉడకబెట్టి, సాపు చేసి, కట్టలు కడతాడు. తమ్ముడిది బ్యాడ్జర్ పని. బ్యాడ్జర్ అంటే బొరియల్లో బతికే చారల మొహం జంతువు. దాని వెంట్రుక మెత్తన, నీళ్ళు పట్టి ఉంచుతుంది. పంది వెంట్రుక బిరుసు, గడ్డాన్ని లేపి నిలబెడుతుంది.

వీటిలో ఏది అసలైన బ్రష్ అని అన్నదమ్ములకు మాట వచ్చింది. మాటా మాటా పెరిగి, వెనక గది మధ్యలో చెక్కల గోడై నిలబడింది. తమ్ముడు వదిన ఇంట్లో భోజనం మానేశాడు. నెలాఖరుకి వేరే ఊళ్ళో పనికి వెళ్ళిపోతానన్నాడు. వదిన బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. పెద్దమనుషులు వచ్చి నీతులు చెప్పి, టీ తాగి వెళ్ళారు. గోడ మాత్రం కదల్లేదు. కన్నకొడుకు వెళ్ళిపోతున్నట్టే ఉంది ఆమెకు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇప్పుడీ మావయ్య.

పంది బ్రష్ చూపిస్తే చెంపకు రాసుకుని, ఊహూఁ, దీంతో గిన్నెలు తోముకోవచ్చన్నాడు. బ్యాడ్జర్ బ్రష్ చూపిస్తే, ఊహూఁ, దీంతో పౌడరు అద్దుకోవచ్చన్నాడు.

"రెండూ కలిపి చేయించు," అన్నాడు.

"ఇప్పుడు కలిపి చెయ్యడం లేదు మావయ్యా."

"అయితే ఈ కుర్చీలోంచి లేవను."

అన్నట్టే లేవలేదు. వచ్చిన గిరాకీ ఏది పట్టుకున్నా పక్కనుంచి ఈయనే ఊహూఁ అని తల ఊపుతుంటే, బేరాలు గుమ్మంలోనే వెనక్కి మళ్ళాయి. చేసేది లేక వదిన లోపలికి వెళ్ళి గోడకు అటొకసారి ఇటొకసారి చెప్పింది. అన్న తన కట్ట ఆమె చేతికిచ్చాడు. తమ్ముడు దాని చుట్టూ బ్యాడ్జర్ పేర్చి పిడిలో దిగ్గొట్టాడు. ఒకరి మొహం ఒకరు చూడకుండానే బ్రష్ తయారైంది.

"ఊహూఁ," అన్నాడు మావయ్య. లోపల పంది, బయట బ్యాడ్జర్, దీన్ని కలపడం అనరనీ, పక్కపక్కన కూర్చోబెట్టడం అంటారనీ, వెంట్రుకా వెంట్రుకా కలిస్తేనే తీసుకుంటాననీ చెప్పి వెళ్ళిపోయాడు.

అలా కలపడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు కొద్దికొద్దిగా వదులుతుంటే ఇంకొకరు కలపాలి, ఒకరు బిగించి పట్టుకుంటే ఇంకొకరు దారం చుట్టాలి. మర్నాడు చేతులు పట్టడానికి గోడలో ఒక చెక్క ఊడింది. ఆ సందులోంచి చేసిన బ్రష్‌కు ఊహూఁ. తలలు కూడా పట్టకపోతే కుదరదని ఇంకొన్ని చెక్కలు ఊడాయి. దానికీ ఊహూఁ. రోజూ ఊడదియ్యడం, రోజూ మేకులు కొట్టడం ఎందుకని కొట్టడం మానేశారు. మాటలు మాత్రం "పట్టుకో", "వదులు" దగ్గరే ఆగిపోయాయి. తమ్ముడి పెట్టె సర్ది గుమ్మం పక్కనే ఉంది.

ఇక నెల రేపో మాపో అయిపోతుందనగా మావయ్య తిన్నగా వెనక గదిలోకే వచ్చాడు. అప్పుడే కట్టిన బ్రష్‌ను నీళ్ళలో ముంచి, సబ్బు మీద తిప్పి, అరచేతిలో నురగ తీశాడు. నురగ మీగడలా లేచింది.

"ఊహూఁ. పంది బాగానే ఉంది. బ్యాడ్జరే దండగ. ఇంత చేతకాని పని నేనెక్కడా చూళ్ళేదు. పోతానంటున్నాడుగా, పోనీండి."

తమ్ముడు తల దించుకున్నాడు. అన్న చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

"మావయ్యగారూ, నా వెంట్రుకల్ని ఎన్నయినా అనండి, పడతాను. వాడి పనిని మాత్రం అనకండి. బ్యాడ్జర్ కట్టడంలో మా నాన్న కూడా వాడి ముందు దిగదుడుపే."

తమ్ముడు తలెత్తి అన్న వంక చూశాడు. అన్న నోట ఆ మాట వాడెప్పుడూ వినలేదు. మావయ్య వైపు తిరిగి, "మా అన్నకు కోపం తెప్పించారు. ఇంక మీకు బ్రష్ అమ్మం, దయచేయండి" అన్నాడు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని, మర్యాద తగ్గకుండానే, ఆయన్ని వీధిలోకి సాగనంపారు.

సాయంత్రం వదిన ఆ బ్రష్ కొంగులో దాచుకుని మావయ్య ఇంటికి బయల్దేరింది. దారిలో సెలూన్ ఆయన పలకరించి, మీ మావయ్యకు బ్రష్ ఎందుకమ్మా అని నవ్వాడు. తనకు తెలిసినప్పటినుంచీ ఆయన గడ్డం తన కుర్చీలోనే గీయించుకుంటున్నాడట, సొంతంగా బ్రష్ పట్టిన పాపాన పోలేదట. వదిన నడిరోడ్డు మీద నిలబడి పడీపడీ నవ్వింది.

మావయ్య వాకిట్లో కూర్చుని రెక్కలు నొక్కుకుంటున్నాడు. మరిది ప్రయాణం మానుకున్నాడని చెప్పింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి మారు అడిగి మరీ తిన్నాడనీ, తింటున్నంతసేపూ అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు అందించుకుంటూ ఆయన్నే తిట్టారనీ చెప్పింది. ఆయన రెక్కలు నొక్కుకోవడం ఆపలేదు.

"కావాలనే చేశావు కదూ మావయ్యా?"

"ఏం చేశాను? బాలేకపోతే బాలేదన్నాను. అది కూడా మీ పర్మిషన్ అడిగి అనాలా?"

"మళ్ళీ వస్తే ఊరుకునేది లేదంటున్నారు వాళ్ళు."

"ఎందుకు రాను? రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. ఇద్దర్నీ సిద్ధంగా ఉండమను. ఒక్కడు గెంటితే నేను కదిలే మనిషిని కాను."