అద్దం మేస్త్రి గరుకు పని

మా బాబాయ్‌ని బజారులో అందరూ అద్దం మేస్త్రి అంటారు. అద్దాలు అమ్మడు, అద్దాలు బిగించడు. ఆయన వడ్రంగి. ఆయన చిత్రిక పట్టిన బల్ల మీదకి వంగితే మన మొహం మనకి కనిపిస్తుంది, అందుకని ఆ పేరు. ఇంటి ముందుగదే ఆయన పనిగది. తలుపు తీస్తే చెక్కపొట్టు వాసన, గోడ నిండా రంపాలూ ఉలులూ, కిటికీ కింద ఆయన మోచేతులకి అరిగిపోయిన పనిబల్ల. చేయించుకున్న వస్తువు తీసుకెళ్లడానికి ఎవరైనా వస్తే, "ముందు చెయ్యి పెట్టి చూడండి" అంటాడు. ఆ చెయ్యి ఎక్కడైనా రవ్వంత ఆగిందా, ఇక ఆ వస్తువు ఆ రోజుకి గడప దాటదు.

పిన్నికీ ఆయనకీ పరిచయం అయింది కూడా ఆ నునుపు పుణ్యమే. పిన్ని తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే గదిలో పనిచేసేది. ఆ గదికి ఈయన కొత్త బల్ల చేసిపెట్టాడు. మర్నాడే పిన్ని ఈ పనిగదికి వచ్చి, "ఇదేం బల్లండీ బాబూ! పెట్టిన ఉత్తరం పెట్టినట్టే కిందకి జారిపోతోంది!" అని నిలదీసింది. అది తిట్టని ఆయనకి తోచనే లేదు. అంత మంచి మెప్పు తనకి మళ్లీ ఎవరూ ఇవ్వలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఈ మనిషిలో ఏం చూసి చేసుకుందో మా పిన్ని!

ఇదంతా చెబుతున్న నేను పిన్నికి అక్క కూతుర్ని. సరుకుల వ్యాను నడుపుతాను. నా నోరు మంచిది కాదని ఇంటా బయటా పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదని మీకే తెలుస్తుంది.

పోయినేడు పిన్నికి పక్షవాతం వచ్చింది. ఎడమవైపంతా పడిపోయింది. మాట నెలకి తిరిగొచ్చింది, చెయ్యి నాలుగు నెలలకి, కాలు మాత్రం సగమే వచ్చింది. కర్ర సాయంతో నడుస్తుంది గానీ ఎడమ పాదం నేలని ఈడుస్తుంది. అప్పటినుంచీ, అంటే పదకొండు నెలలుగా, ఆమెకి స్నానం చేయించేది బాబాయే. స్నానాలగది గోడ పొడుగునా పట్టుకోవడానికి కడ్డీ బిగించాడు, అయినా ఆమెని లోపల ఒక్కదాన్నే వదలడు. రోజూ ఆమె గోడవైపు మొహం తిప్పుకుని నిలబడితే ఈయన నీళ్లు పోస్తాడు. తన స్నానం మాత్రం, ఆమె ఒక్కతీ ఉంటుందని, నాలుగు చెంబులతో ముగించేస్తాడు.

"ఆయన చేతులకి వంక పెట్టనే" అంది నాతో ఒకసారి. "కానీ నీళ్లు పోసుకునే ఆ కాసేపైనా మనిషి తనకి తానుగా ఉండాలి. పదకొండు నెలలుగా నాకు నేను దొరకడం లేదు."

 

పిన్నికో గుంపు ఉంది. ఒకప్పుడు ఆమెతో కలిసి పనిచేసిన ఎనిమిదిమంది ఆడవాళ్లు. ఏటా వానలు వెనకబట్టాక అడవిలో ఏటి ఒడ్డున గుడారాలు వేసుకుని మూడు రోజులు ఉండి వస్తారు. ఇరవై ఏళ్లలో పిన్ని ఒక్కసారి కూడా మానలేదు. ఈసారి కూడా రావాల్సిందేనని వాళ్లు ఇంటికొచ్చి మరీ పట్టుబట్టారు. అక్కడ స్నానం ఎలాగంటే, కుళాయి ఉన్న నీళ్లసంచిని చెట్టుకొమ్మకి వేలాడదీసి, చుట్టూ టార్పాలిన్ కట్టి, కింద బురదలో నిలబడి చెయ్యడమే. రెండు కాళ్లూ బాగున్నవాళ్లే అక్కడ జారిపడతారు.

"బాబాయ్ కూడా వస్తాడులే పిన్నీ, పట్టుకుంటాడు" అన్నాను.

పిన్ని కళ్లెర్రజేసింది. "అంతమందిలో ఆయన నన్ను చంటిపిల్లలా ఆ పట్టా వెనక్కి నడిపించుకెళ్తాడా? నా స్నానం నేను చేసుకోగలిగితే వస్తాను. లేదంటే ఆ మాట ఎత్తొద్దు. ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ ఎత్తొద్దు."

ఆ చివరి మాటకి, గుమ్మంలో కూర్చున్న బాబాయ్ మొహం పాలిపోయింది.  లేచి, "మూడు వారాలుంది కదా. కాళ్లకింద వేసుకునే చెక్క చేస్తాను" అన్నాడు.

"నాలుగు బద్దలు తెచ్చి మేకులు కొట్టే పనికి మూడు వారాలా?" అన్నాను నేను.

"నువ్వెళ్లి వ్యాను తోలుకో" అన్నాడు.

పాత టేకు కిటికీ ఒకటి విప్పి, మూరెడున్నర పొడుగు బద్దలు పదమూడు కోశాడు. నేల మీద న్యూస్‌పేపరు పరిచి, పిన్ని చేత ఎడమ పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. చిటికెనవేలి దగ్గర రెండుసార్లు గీశాడు. "బద్దకీ బద్దకీ మధ్య సందు ఈ వేలికంటే సన్నంగా ఉండాలి. లేకపోతే ఇరుక్కుంటుంది. మరీ సన్నగైతే నీళ్లు దిగవు" అన్నాడు. ఆ మాట విన్నాక నా మేకుల వేళాకోళం నాకే చేదుగా అనిపించింది. ఊగకుండా అడుగున మూడు అడ్డపట్టీలు వేసి, స్క్రూలన్నీ కింది నుంచే బిగించాడు. పాదానికి ఒక్క ఇనుప ముక్క తగలదు.

వారానికి చెక్క తయారైంది. పిన్ని చూసి, "తెప్పలా ఉందండీ, దీనిమీదెక్కి ఏరు దాటెయ్యొచ్చు" అని నవ్వింది. అప్పటినుంచీ అది తెప్పే. చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, నూనె పట్టించాడు. నిజం చెప్పొద్దూ, ముట్టుకోవడానికే భయమేసేంత అందంగా ఉంది. పెరట్లో వేసి, నీళ్లు చల్లి, కొంచెం సబ్బు నురగ పోసి, పిన్నిని ఎక్కమన్నాడు. ఆమె కుడికాలు పెట్టింది. ఎడమకాలు పెట్టగానే పాదం బద్ద పొడుగునా సర్రున జారిపోయింది. బాబాయ్ నడుం పట్టుకుని ఆపాడు గానీ, లేకపోతే తల పగిలేదే.

పిన్ని ఏడవలేదు. కర్ర అందుకుంటూ, "ఇక చాలు. నేను రావట్లేదని వాళ్లకి చెప్పెయ్యండి" అంది.

నేను ఊరుకోవచ్చు కదా. భయంతో నోరు జారాను. "మేస్త్రిగారూ, ఆమె కాలు పోయినా మీకు ఫర్వాలేదు, మీ మొహం మాత్రం చెక్కలో కనబడాలి!"

బాబాయ్ నావైపు చూడలేదు. తెప్పని భుజానెత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే క్షమాపణ చెబుదామని వెళ్లాను. గదిలోంచి వస్తున్న చప్పుడు ఆయన చిత్రికది కాదు. బరబరమని ఉంది. లోపలికెళ్తే, నిన్నటి ఆ బంగారం లాంటి బద్దల మీద రంపంతో అడ్డంగా గీతలు కోస్తున్నాడు! బట్టలుతికే సోడా కలిపిన నీళ్లతో కడిగితే నూనె మెరుపంతా పోయి బద్దలు పేలవంగా ఉన్నాయి.

"అయ్యో బాబాయ్, పాడు చేసేస్తున్నావా?"

"నువ్వన్నది నిజమేనే" అన్నాడు తలెత్తకుండా. "నలభై ఏళ్లు చేతికి చేశాను. ఇది పాదానికి. జారింది పొడుగునా కదా, అడ్డంగా గీతలుంటే ఆగుతుంది."

కోపం లేదు ఆ గొంతులో.  చెప్పుకుందామని వెళ్లిన క్షమాపణ చెప్పలేకపోయాను.

గీతలు కొయ్యడం పెద్ద పని కాదట. కోసిన ప్రతి గీత అంచునీ సన్న ఉలితో గీకాలి. గరుకుగా ఉండాలి గానీ పేడు లేవకూడదు, నానిన పాదంలో గుచ్చుకోకూడదు. ఒక్కో బద్ద అయ్యాక తన చెంప ఆనించి అటూ ఇటూ రాసి చూసుకునేవాడు. తొమ్మిది రోజులు పట్టింది. ఆఖరి రోజున నేను కూర్చుని లెక్కపెట్టాను. బద్దకి నలభై చొప్పున, మొత్తం అయిదు వందల ఇరవై గీతలు. ఒక్కటి కూడా వంకర లేదు. ఒక్కదానికీ దాని పక్కదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. నునుపుకి పేరుపడ్డ మనిషి, గరుకుని ఇంత నాజూగ్గా చెక్కగలడని నేను కల్లో కూడా అనుకోలేదు. 

"ముందు నేనెక్కుతాను" అని పెరట్లో నీళ్లు, నురగ పోసి, పంచె పైకి కట్టి, కళ్లు మూసుకుని ఎడమకాలి మీద ఒంటికాలితో నిలబడ్డాడు. అరవై మూడేళ్ల మనిషి!

"తొయ్యి" అన్నాడు.

"నీకేమైనా పిచ్చా?"

"తొయ్యమంటుంటే! అడవిలో ఆమెని పట్టుకునేవాళ్లు ఉండరు. తొయ్యి."

తోశాను. ఒళ్లు ఊగింది, పాదం ఊగలేదు. "మొన్న తిట్టినంత గట్టిగా తొయ్యవే" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెండు చేతులా తోశాను. పాదం ఉన్నచోటే ఉంది. కిటికీలోంచి చూస్తున్న పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సాయంత్రం ఆమే బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

నా వ్యానులోనే వెళ్లాం. గుంపులో వాళ్లు ఆటపట్టించుకుంటూ గుడారాలు వేశారు. మర్నాడు ఎండెక్కాక బాబాయ్ చెట్టుకింద నేల చదును చేసి తెప్ప వేశాడు, నీళ్లసంచి కట్టాడు, టార్పాలిన్ ముడులు రెండుసార్లు చూసుకున్నాడు. ఇక చెయ్యడానికేమీ మిగల్లేదు. పిన్ని కర్ర పట్టుకుని లోపలికెళ్లి పట్టా మూసేసుకుంది.

బాబాయ్ పది అడుగుల దూరంలో రాయి మీద, అటువైపు తిరిగి కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నీళ్ల చప్పుడు మొదలైంది. ఆగిపోయింది. ఎంతసేపటికీ ఏమీ వినబడలేదు. ఆయన చటుక్కున లేవబోయాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను. "కూర్చో బాబాయ్. సబ్బు రాసుకుంటూ ఉంటుంది." కూర్చున్నాడు. ఆ పెద్ద చేతులు రాయి అంచుని పేడు కోసం వెతుకుతున్నట్టు తడుముతున్నాయి. అయిదు వందల గీతలు వంకర లేకుండా కోసిన చేతులవి. మళ్లీ నీళ్లు పడ్డాయి. ఈసారి ఆగలేదు, సంచి ఖాళీ అయ్యేదాకా పడుతూనే ఉన్నాయి. 

పిన్ని బయటికి వచ్చింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంది. మొహం ఎర్రగా, చిన్నపిల్ల మొహంలా ఉంది. బాబాయ్ అలవాటుగా తువ్వాలు పట్టుకుని ఎదురెళ్లాడు. ఆమె ఆ తువ్వాలు ఆయన చేతుల్లోంచి తీసుకుని, తన తల తనే తుడుచుకుంది.

"ఏడుస్తున్నారా?"

"లేదోయ్. పొగ."

"పొయ్యే వెలిగించలేదు, పొగెక్కడిది?" అంది. వచ్చి ఆయన లేచిన రాయి మీద తను కూర్చుంది. కర్ర పక్కన పెట్టుకుంది. 

"సంచి నింపుకుని మీరెళ్లండి" అంది. "పదకొండు నెలలైంది మీరు తొందర లేకుండా నీళ్లు పోసుకుని. నేనిక్కడ కూర్చుంటాను."

 బాబాయ్ సంచి నింపుకుని లోపలికి వెళ్లాడు. నీళ్ల చప్పుడు మొదలైంది. పిన్ని ఎక్కడికీ కదలకుండా, ఆయన వచ్చేదాకా వింటూ కూర్చుంది.