బొట్టుబిళ్ల కింద పసుపు లైటు

లాక్‌డౌన్ రోజుల్లో నా భార్యకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆటోలు బందు. ఊరుగాని ఊళ్లో మేముండే గోడాదరా పేట నుంచి ఆసుపత్రికి ఆమెను చేర్చేది నా పాత కారొక్కటే. ఒక పొద్దున బయలుదేరుతుంటే స్టీరింగ్ ముందున్న మీటర్లలో ఇంజను బొమ్మ పసుపురంగులో వెలిగింది. గ్యారేజీలన్నీ మూతపడ్డాయి, కారు నడుస్తూనే ఉంది. ఆమె చూస్తే బెంగపడుతుందని ఆమె బొట్టుబిళ్లే ఒకటి తెచ్చి ఆ లైటు మీద అంటించాను.

సిగ్గులేని పని. నేను నడిపే మరమగ్గంలో ఒక్కో పోగుకూ ఒక సన్నని రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు జారిపడి మగ్గం ఆగుతుంది. మాటిమాటికీ ఆగుతోందని విసిగి ఆ రేకులు పడకుండా కట్టేసేవాళ్లను ఇరవై ఏళ్లు నోరారా తిట్టినవాణ్ణి నేను.

మూడు వారాల తర్వాత, ఆసుపత్రికి వెళ్తుండగా కారు గజగజ వణికింది. పక్కకు ఆపి, మా గల్లీలోనే ఉండే మెకానిక్‌కు ఫోన్ చేశాను. మనవైపు నుంచే ఇక్కడికి వలస వచ్చిన మనిషి. బండి మీద వచ్చి, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించి, బొట్టుబిళ్ల పీకాడు. లైటు టపటపా కొట్టుకుంటోంది.

"నిలకడగ ఉంటే జల్ది చూపియ్యాలె అన్నా, గిట్ల కొట్టుకుంటే బండి ఆపాలె," అన్నాడు. "లోపల కంప్యూటర్ ఇంజన్ తిరుగుడు చూస్తనే ఉంటది. మూడో సిలిండర్ల మంట అంటుకుంటలేదు, గప్పుడు తిరుగుడు జర మెల్లగైతది. ఒక్కసారి తప్పితే ఊకుంటది. మల్ల మల్ల తప్పితెనే లైటేస్తది."

నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇంజనులో ఆ కాస్త తడబాటును పట్టుకుందంటే నాకు దండం పెట్టాలనిపించింది. ఎంత చేయి తిరిగిన నేతగాడికైనా అంత చూపు ఉండదు. పైగా నేను కళ్లు మూసినా అది రాసుకోవడం మానలేదు.

"లైటు వెలిగినంక నూట నలభై ఎనిమిది కిలోమీటర్లు తిరిగింది," అని స్కానర్ చూసి చదివాడు.

వెనక సీట్లోంచి నా భార్య మాస్కు కిందికి లాగింది. "పోను రాను ఇరవై నాలుగు. అంటే ఇయ్యాల్టిది కాక ఆరుసార్లు నన్ను గిట్లనే తీస్కపోయినవా?"

మెకానిక్ వెళ్లి ఒక పాడైన కారులోంచి మంట అంటించే కాయిల్ తీసి తెచ్చి బిగించాడు. వణుకు పోయింది, స్కానర్‌తో లోపం చెరిపేశాక లైటు ఆరింది. గంట ఆలస్యమైనా ఆమెకు మిషన్ దొరికింది.

లోపలికి వెళ్లేముందు ఆమె ఆగింది. "నువ్వొక్కనివే భయపడ్డవు గదా ఇన్ని దినాలు. నాకు జెప్తే ఇద్దరం భయపడేటోళ్లం."

తిరుగు ప్రయాణంలో ఆమె ముందు సీట్లో కూర్చుంది.