కొట్టుగదిలోని గడియారాలాయన

పందొమ్మిది వందల నలభై ఎనిమిదిలో ఎండాకాలమంతా మా మేనమామ సూర్యాపేటలో తన సొంత ఇంటి అటక మీద దాక్కుని ఉన్నాడు. హైదరాబాద్ రాజ్యం ఇంకా విడిగా ఉన్న రోజులవి. ఒక పల్లెలో లెవీ ధాన్యం కోసం ఖాకీ చొక్కాల దళం చేసిన దౌర్జన్యం గురించి ఆయన సరిహద్దు అవతల అచ్చయ్యే పత్రికకు ఉత్తరం రాశాడు. ఉత్తరం అచ్చయింది. కింద పేరు వేయలేదు. కానీ ఊళ్లో అలా రాయగలిగినవాళ్లు ముగ్గురో నలుగురో ఉండేవాళ్లు. మిగతావాళ్లను అప్పటికే పట్టుకుపోయారు. మామ మిర్యాలగూడలో అత్తగారింటికి పోయాడని అమ్మమ్మ అడిగినవాళ్లందరికీ చెప్పింది. అత్తయ్య నిజంగానే అక్కడ ఉంది కాబట్టి ఆ అబద్ధం కొన్నాళ్లు నిలబడింది.

కోదాడ దాటితే సరిహద్దు. అక్కడిదాకా చేరితే మామ బతికినట్టే. కానీ మా గుమ్మానికి ఎదురుగా, మూతపడిన కిరాణా దుకాణం అరుగు మీద, దళం వాళ్లు ఒక మనిషిని కూర్చోబెట్టారు. నలభై ఏళ్లుంటాయి. తుపాకి ఒళ్లో పెట్టుకుని, పంటినొప్పికి లవంగం బుగ్గన పెట్టుకుని పొద్దంతా మా తలుపు వైపే చూసేవాడు. చెడ్డవాడిలా కనిపించేవాడు కాదు. అదే మాకు ఎక్కువ భయం.

ఇంట్లో ఉన్నది అమ్మమ్మ, నేను. హైస్కూలు చదువు కోసం వచ్చి, అది పూర్తయ్యాక దారులు మూసుకుపోవడంతో అక్కడే ఆగిపోయాను. ఇద్దరికి వండినట్టు వండి ముగ్గురం తినేవాళ్లం. అటక మీద మామ లేచి నిలబడలేడు. పెంకుల వేడికి మధ్యాహ్నం పూట తడిగుడ్డ ముఖాన వేసుకుని పడుకునేవాడు. దగ్గు వస్తే దిండులో నోరు పెట్టుకునేవాడు. ఏదైనా కావాలంటే వేలితో చెక్క మీద ఒక్కసారి కొట్టేవాడు.

ఆ ఇంట్లోకి నాలుగో మనిషి పటం కథలాయన. మా కులానికి కులపురాణం చెప్పే హక్కు ఉన్న కుటుంబం వాళ్లది. రెండేళ్లకోసారి పెట్టెలో చుట్టిన బొమ్మల పటం పెట్టుకుని వచ్చి, గుమ్మం ముందు విప్పి, బొమ్మబొమ్మకూ కర్ర ఆనిస్తూ కథ చెప్పి, ధాన్యం తీసుకుని పోయేవాడు. ఆ ఏడు కూడా వచ్చాడు. వెంట వంత పాడే తమ్ముడు. తమ్ముడు రెండో రోజే ఇంటి దగ్గర ఎవరికో బాగాలేదని నేరేడుచర్ల పోయాడు. తర్వాత ఆ దారి మూసుకుపోయింది. అన్న మా వసారాలో చిక్కుపడ్డాడు. తమ్ముడి కోటు, తలపాగా మేకుకు వేలాడుతూ ఉండిపోయాయి.

అటక మీద మనిషి ఉన్నాడని మేం ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు. కానీ మూడో రోజు నుంచి భోజనం దగ్గర "సాలమ్మా, కడుపు నిండింది" అని సగం అన్నం గిన్నెలోనే వదిలేయడం మొదలుపెట్టాడు.

పటాన్ని ఊరికే పొద్దుపుచ్చడానికి విప్పకూడదు. కొబ్బరికాయ కొట్టాలి, దీపం పెట్టాలి, మొదలుపెడితే చివరిదాకా చెప్పాలి. అందుకని ఆయన చేతులు ఊరికే ఉండలేక పెట్టె తుడిచి తుడిచి పెట్టేవాడు. ఒకనాడు నా దగ్గరున్న బొమ్మల పుస్తకం ఆయన కంట పడింది. మామ అంతకు ముందు ఏడు సికింద్రాబాద్‌లో గోడ గడియారం కొంటే, దుకాణం వాడు దాన్ని చుట్టి ఇచ్చిన కాగితాలవి. ఎవరో దొరల సిపాయిలు చదివి పారేసిన ఇంగ్లీషు పుస్తకం. ముందు పేజీలు లేవు, వెనక పేజీలు లేవు. నడుమ పదహారు పేజీల నిండా గళ్లుగళ్లుగా రంగుల బొమ్మలు.

"ఇది పటమే గదా చిన్న పటేలా" అన్నాడాయన. "నిలువుగ చుట్టుడు మాని పుస్తకం కుట్టిండ్రు."

అందులో ఒక వీరుడు ఉన్నాడు. ఒంటికి అతుక్కున్న పసుపు బట్టలు, వీపున నీలం దుప్పటి, ఆకాశంలో ఎగురుతాడు. గుండ్రటి అద్దాలు పెట్టుకుని, వంగి నడిచే గడియారాలు బాగుచేసే మనిషి ఒకడున్నాడు. ఊళ్లో ఏదో ఆపద వచ్చినప్పుడల్లా ఈ గడియారాలాయన దుకాణం వెనక కొట్టుగదిలోకి పోతాడు. తర్వాతి గడిలో కిటికీలోంచి పసుపు బట్టల వీరుడు ఎగిరి వస్తాడు.

వాళ్లిద్దరూ ఒకరేనని ఆ పుస్తకం గీసినవాళ్ల ఉద్దేశం. పటం కథలాయనకు అది తట్టలేదు. తట్టే వీలు లేదు. పటంలో ఒక మనిషికి మొదటి బొమ్మలో ఏ రంగు ముఖం, ఏ బట్ట వేశారో చివరి బొమ్మదాకా అదే ఉంటుంది. మూడు గజాల దూరంలో కూర్చున్న ముసలమ్మకు కూడా ఎవరు ఎవరో తెలియాలి కదా. బట్ట వేరైతే మనిషి వేరు. అందుకని ఆయన లెక్కలో గడియారాలాయన వేరే మనిషి. వీరుడు వచ్చినప్పుడల్లా మాయమయ్యే మనిషి. మరి ఆ మనిషి ఎక్కడికి పోయినట్టు?

ఆయన సాయంత్రాలు వసారాలో కూర్చుని, అమ్మమ్మకూ నాకూ ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. వీరుడి సంగతి రెండు మాటల్లో తేల్చేసి, గడియారాలాయన దగ్గర ఆగిపోయేవాడు. ఎగిరేవాడే ఆయన్ని కొట్టుగదిలో పెట్టి గొళ్లెం వేస్తాడట. లోపల ఈయన చీకట్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నంతసేపే బయట వాడు ఎగరగలడట. ఈయనకు ఒక పుట్టుక కల్పించాడు. మా పక్కనున్న చివ్వెంల లాంటి ఊరే, కాకపోతే సముద్రం అవతల. తండ్రి కమ్మరి. తల్లికి చెవుడు, అందుకే కొడుకు గంట కొట్టే గడియారాలు చేయడం నేర్చుకున్నాడు. పుస్తకంలో ఇవేవీ లేవు.

రెండో సాయంత్రం కథ ముగిశాక పైనుంచి చెక్క మోగింది. అన్నం గిన్నె తీసుకుని ఎక్కాను.

"లోపలున్నోనికి నీళ్లు ఎవరిస్తరో అడుగు" అన్నాడు మామ.

మర్నాడు అడిగాను. పటం కథలాయన పైకి చూడలేదు. పుస్తకం వైపే చూస్తూ, "గోడకు చిన్న కంత ఉంటది. తల్లి పంపిస్తది" అన్నాడు.

తర్వాత రోజూ పైనుంచి ఒక ప్రశ్న. నడుము పట్టేస్తే ఏం చేస్తాడు. ఎలుకలుంటే. పిచ్చెక్కకుండా ఏం చేస్తాడు. దీనికి ఆయన, "బయట నడిచే గడియారాలు ఎన్నున్నయో చెవితోని ఎంచుకుంట ఉంటడు" అన్నాడు. వంత పాడేవాడు లేడు కాబట్టి చరణం చివర "ఔనయ్యా వినరయ్యా" అని తనే సాగదీసుకునేవాడు. ఒకటి రెండు సార్లు అమ్మమ్మ అందుకోబోతే, "నీ గొంతుకు ఎదురుంగ ఉన్నోడు లేసొస్తడు తల్లీ" అన్నాడు.

ఇలా నెల గడిచింది. అప్పుడు ఇళ్లు వెతకడం మొదలైంది. వీధి వీధికీ వచ్చి పెంకులు విప్పి అటకలు చూస్తున్నారని నీళ్ల దగ్గర ఆడవాళ్లు చెప్పుకున్నారు. పై వీధి అయిపోయింది. మాది రెండు మూడు రోజుల్లో. ఆ మాట చెప్పగానే మామ, "రేపు నేనే దిగి వాని ముందట నిలబడ్త" అన్నాడు. "ఇంట్ల దొరికితె అమ్మను గుంజుతరు."

నేను కిందికి వచ్చాను. నాకు చేయడానికేమీ లేదు. పుస్తకం పట్టుకుని కూర్చుని, నాకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుతో బొమ్మల నెత్తిన రాసి ఉన్న మాటలు మొదటిసారి ఓపిగ్గా చదివాను. గడియారాలాయన నెత్తిన ఒకచోట, వీరుడు తానేనని ఊళ్లో ఎవరికీ తెలియదని తనలో అనుకుంటున్నట్టు ఉంది. చదువుకున్నవాణ్ణనే పొగరు ఆ పూట కూడా పోలేదు. పటం కథలాయనకు చెప్పేశాను.

"ఇద్దరు లేరు. ఒక్కడే. అద్దాలు తీసి బట్టలు మార్చుకుంటడు, అంతే."

"ఒక్కనికి రెండు రూపులా?" అన్నాడాయన. "గిట్ల గీసినోన్ని మా పటాలు గీసే నకాశీలు గడప తొక్కనియ్యరు. సరే, అద్దాలు తీస్తె రోజు సూసెటోళ్లు గుర్తుపట్టరా?"

"పట్టరు."

"పక్క దుకాణమోడు?"

"వాడు కూడా పట్టడు."

"గుడ్డోళ్ల ఊరు" అని నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది. పైన చెక్క మోగింది. ఒక్కసారి కాదు, మూడుసార్లు.

ఎక్కాను. మామ నా వైపు కాదు, వసారా వైపు చెక్కల సందులోంచి చూస్తున్నాడు. మేకుకున్న కోటు అక్కణ్ణుంచి కనిపిస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

"ఎదురుంగ కూసున్నోడు నన్ను ఎన్నడన్న సూసిండా?"

"లేదు. నువ్వు మీదికెక్కినంక వచ్చిండు."

"ఆయన తమ్ముణ్ణి?"

"సూడలే. ఆయన పోయినంకనే వీడు వచ్చి కూసున్నడు."

అంతే మాట్లాడాడు. మిగతాది, తమ్ముడని చెప్పి మామను వెంట తీసుకుపోయే సంగతి, పటం కథలాయనతో అమ్మమ్మ మాట్లాడింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. భయపడి కాదు.

"పెట్టె ఎవ్వడన్న మోస్తడమ్మా. దారెంట ఎవడన్న ఆపి కథ చెప్పుమంటె? వంత ఎవరు పాడాలె? పటేలు నోరు తెరిస్తె పటేలు మాటే వస్తది."

పైనుంచి సన్నగా వినిపించింది. "ఔనయ్యా వినరయ్యా." తర్వాత ఇంకో చరణం. గడియారాలాయన తల్లి కంతలోంచి నీళ్లు పంపే చరణం. ఒక్క మాట తప్పు పోలేదు.

పటం కథలాయన మొదటిసారి తలెత్తి అటక వైపు చూశాడు. "గొంతు జర మోటుగ పెట్టాలె పటేలా" అన్నాడు. "మా తమ్మునికి నశ్యం అలవాటు."

ఆ సాయంత్రమంతా గొంతు మోటుగా పెట్టడం, పెట్టె ఎత్తడం, ఎవరైనా కసురుకుంటే తల దించడం నేర్పాడు. చివరిది మామకు అన్నింటికంటే కష్టమైంది. నెలల తరబడి ఎండ తగలక ముఖం పాలిపోయి ఉంది. ఆముదంలో మసి కలిపి అమ్మమ్మ ముఖానికీ చేతులకీ రాసింది. తెల్లవారకముందే మామ దొడ్డి గోడ పక్కనుంచి వసారాలోకి వచ్చి, మేకుకున్న కోటు, తలపాగా వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పొద్దెక్కాక ఇద్దరూ లేచారు. గుమ్మం దిగీ దిగగానే ఎదుటివాడు పిలిచాడు.

"ఏయ్ పటంవాలా. వీడెవడు?"

"మా తమ్ముడు సాబ్. నేరేడుచర్ల నుంచి వచ్చిండు."

"దారి బంద్ ఉంది గదా. ఎట్లొచ్చిండు?"

"రాత్రి చేన్లల్ల వడి నడిసొచ్చిండు సాబ్. కాళ్లు సూడుండ్రి."

వాడు కాళ్లు చూశాడు. ఆ కాళ్లు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. అది అమ్మమ్మ చల్లిన దుమ్ము. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. తలుపు కిర్రుమంటుందని వదిలేశాను.

"రోజు సాయంత్రం ఏదో కాయితం కథ చెప్తవు. గిన్ని రోజులల్ల పూరా వినలే. చెప్పి పో."

పటం కథలాయన పుస్తకం తీసి అరుగు మీద పరిచాడు. అది నేనే ఆయనకు ఇచ్చాను. నిన్న నేను చెప్పిన అసలు సంగతి ఆయనకు గుర్తుంది, కానీ పాత కథే ఎత్తుకున్నాడు. గొళ్లెం పడింది. ఎగిరేవాడు ఎగిరాడు. లోపల మనిషి చీకట్లో కూర్చున్నాడు. ప్రతి చరణానికీ మామ వంత పాడాడు, నశ్యం పట్టిన గొంతుతో, తల దించుకుని. పెంకుల కింద నెల రోజులు విన్నది వీధి మధ్యలో ఎండలో వినిపిస్తోంది. ఖాకీ చొక్కా మనిషి తుపాకి పక్కన పెట్టి బుగ్గ నొక్కుకుంటూ విన్నాడు.

"మరి ఆ గడియారపాయన బయటికి ఎప్పుడొస్తడు?"

"ఎగిరెటోడు అలిసిపోయినప్పుడు సాబ్."

వాడికి నవ్వొచ్చింది. పంటినొప్పికి నవ్వు మధ్యలోనే ఆపుకుని, రెండు బీడీలు తీసి ఇద్దరికీ చెరొకటి ఇచ్చాడు. మామ జన్మలో బీడీ ముట్టలేదు. తీసుకుని చెవి మీద పెట్టుకున్నాడు. ఎవరూ నేర్పలేదు.

అమ్మమ్మ చేటలో జొన్నలు తెచ్చింది. ఆచారం ప్రకారం కథ చెప్పిన ఇంటి నుంచి వట్టి చేతులతో పోకూడదు. మామ కండువా కొంగు పట్టాడు. ఆమె పోసింది.

"ఎక్కువ లేవు. ఈ యేడు గింతే" అంది. "పో, ఎండ ముదురుతది."

ఆ ఇద్దరూ కోదాడ బాట పట్టారు. ఖాకీ చొక్కా మనిషి వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూసి, మళ్లీ మా తలుపు వైపు తిరిగాడు. అమ్మమ్మ లోపలికి వచ్చి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను.

"పెట్టె ఎడమ భుజానికి ఎత్తిండు" అంది. "ఆ భుజం సిన్నప్పుడు ఇరిగింది. కోదాడ దాక మొయ్యలేడు. మధ్యల మార్సుకొమ్మని చెప్పాల్సుండె."