గోడ అవతలి పోలమ్మ

మొన్న పొద్దున్న వంటింట్లో పోపు వేస్తుంటే హాల్లోంచి ఒక ఆడగొంతు వినబడింది. గరగరమంటూ, దెబ్బలాటకి వచ్చిందో పలకరించడానికి వచ్చిందో తెలియని గొంతు. గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తాను. మా మనవడు టీవీలో బొమ్మల కార్యక్రమం చూస్తున్నాడు. తెర మీద ఒక పొట్టి ముసలావిడ ఎవరినో దులిపేస్తోంది. "ఎవర్రా ఈవిడ?" అన్నాను. మేం తెలుగులో అడగడం, వాడు హిందీలో బదులివ్వడం మా ఇంట్లో ఎప్పుడో కుదిరిపోయిన ఒప్పందం. "నానీ, పహలే యే సిర్ఫ్ పడోసన్ థీ. అబ్ ఇస్కా అప్నా షో హై!" అన్నాడు. ముందు వేరేవాళ్ళ కథలో పక్కింటావిడగా వచ్చిపోయేదట. జనానికి తెగ నచ్చేసిందట. అందుకని ఇప్పుడు ఆవిడ పేరు మీదే వేరే కథ మొదలుపెట్టారట. వాడికది పండగ. నాకు మాత్రం "అయ్యో, ఎందుకు పెట్టారర్రా" అని నోటిదాకా వచ్చింది. ఈలోగా పోపు మాడి ఇల్లంతా ఘాటెక్కింది. కళ్ళనీళ్ళు ఆ ఘాటుకేనని వాడు అనుకుని ఉంటాడు.

నేను పెళ్ళయి జంషెడ్‌పూర్ వచ్చింది డెబ్భైల నడిమి రోజుల్లో. పార్వతీపురం పక్క పల్లె నాది. మా ఆయన లారీల ఫ్యాక్టరీలో ఫిట్టరు. టెల్కో కాలనీలో రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. వెనక చిన్న పెరడు, దానికీ పక్కింటి పెరటికీ మధ్య భుజాలెత్తు గోడ. ఆయన షిఫ్టు బస్సెక్కి వెళ్ళిపోతే వీధిలో అంతా హిందీ, నాకు ఒక్క ముక్క రాదు. పోనీ మనవాళ్ళున్నారు కదా అని తెలుగువాళ్ళ పేరంటానికి వెళ్ళి "ఏటండి" అన్నాను. అక్కడ కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చిన ఆఫీసర్ల భార్యలున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కుమన్నారు. అంతే, నోటికి తాళం వేసుకున్నాను. హిందీ రాక కొంత, తెలుగు వచ్చీ కొంత, మొత్తానికి మూగదాన్నయ్యాను.

అలా ఉండగా ఒకనాడు గోడ మీద ఒక మొహం లేచింది. నలభై దాటిన మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు, బొట్టు రూపాయంత. "ఏటే అమ్మీ, మాటలు ఊర్లోనే ఒగ్గీసి ఒచ్చినావేటి?" అంది. ఆ మాట చెవిన పడగానే ఏడుపొచ్చేసింది నాకు. అలా పరిచయమైంది నరసమ్మ పిన్ని. వాళ్ళాయన కూడా అదే ఫ్యాక్టరీలో లారీలకి రంగులేసే పెయింటు షాపులో పనిచేసేవాడు. పిల్లలు లేరు. గోడ దగ్గరే కూరలు తరుక్కున్నాం, గోడ దగ్గరే తలలు దువ్వుకున్నాం. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆవిడ ఎడమకాలు చచ్చుబడిందన్న సంగతి నాకు చాలా రోజులు తెలియనే లేదు. గోడ దగ్గర నిలబడితే తెలిసేది కాదు మరి. బజార్లో చూశాను మొదటిసారి. మోకాలి మీద చెయ్యి అదిమిపెట్టి, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి, అడుగడుగుకీ లేచి పడుతూ నడుస్తోంది. ఆవిడ వెనక నలుగురు పిల్లలు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అచ్చం అలాగే. ఆవిడ వెనక్కి తిరగలేదు. నేను కేకలెయ్యబోతే, "ఒగ్గీ. ఆళ్ళకేటి తెలుసు" అంది. ఇంటికొచ్చాక గోడ మీద నుంచి మళ్ళీ మామూలుగానే నవ్వింది.

టీవీలు ఇంకా మా ఊరికి రాని కాలం అది. మా తెలుగు సమాజంలో భాస్కరరావు గారని, ఫ్యాక్టరీలో యంత్రాల బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఒకరు ఉండేవారు. ఆసుపత్రిలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, సోడా నీళ్ళలో కడిగి, వాటితో మనుషుల్ని కత్తిరించి రంగులు వేసేవారు. మోచేతికీ మోకాలికీ తీగ ముడులు. తెల్ల దుప్పటి వెనక పెద్ద బల్బు పెట్టి ఆడిస్తే ఆ రంగు నీడలు నడిచేవి, పోట్లాడుకునేవి, అన్నాలు తినేవి. గుర్నాథం అనే ఫ్యాక్టరీ గుమాస్తా, అతని పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. నెలకొక ఆదివారం సాయంత్రం సమాజం హాల్లో వాళ్ళింటి బాగోతం. పిల్లలకి తెలుగు అంటించాలని మొదలుపెట్టారు గానీ, తెలుగు రాని పక్కవీధి వాళ్ళు కూడా వచ్చి చాపలు పరుచుకునేవారు.

భాస్కరరావు గారు ఒకసారి మా ఆయన కోసం ఇంటికొచ్చారు. ఆ వేళకి పిన్ని గోడ మీద నుంచి నన్ను పంచదార అడుగుతోంది. అడగడమంటే ఉత్తినే కాదు. నేను చిన్న గ్లాసుతో ఇచ్చానని, మా అత్తవారి వంశం మొత్తాన్నీ ఆ గ్లాసుతోనే కొలిచేసింది. ఆయన పెరటి గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాతి నెలకల్లా గుర్నాథం ఇంటి పక్కన ఒక గోడ, గోడ మీద ఒక తల తయారయ్యాయి. పక్కింటి పోలమ్మ. ఎక్స్‌రే ఫిల్ము ఆదా అని నడుము దాకానే కత్తిరించారు. గోడ వెనక మనిషికి కాళ్ళెందుకు?

గొంతివ్వమని పిన్నినే అడిగారు. "తెర ఎనకాలే కదా బాబూ? జనం నన్ను సూడరు కదా? అయితే వత్తాను" అంది. వస్తూ వస్తూ నన్నూ లాక్కొచ్చి గుర్నాథం పెళ్ళాం గొంతు నాకిప్పించింది. మైకు ముందు నిలబడ్డాను. జనం నవ్వాలని గొంతు వంకర్లు తిప్పాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "నవ్వించాలని మాటాడకే. పోలమ్మ పంచదార తినీసి ఎగ్గొడతాదని నీకు నిజింగా బయమెయ్యాల. అప్పుడు ఆళ్ళే నవ్వుతారు" అంది. తర్వాత పాతికేళ్ళు బడిలో తెలుగు చెప్పాను. పిల్లలకి ఎలా చెప్పాలో నాకు ఏ ట్రైనింగులోనూ అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. "ఏటి" అన్నందుకు నవ్విన ఆడవాళ్ళే ఇప్పుడు ముందు వరసలో కూర్చుని పోలమ్మ "ఏటి" కోసం ఎదురుచూసేవారు. నా నోటి తాళం అక్కడే ఊడింది.

గోడ మీద ఆ తల లేవడం ఆలస్యం, హాల్లో పిల్లలంతా పోలమ్మ వచ్చిందంటూ హిందీలో "పోలమ్మా ఆయీ! పోలమ్మా ఆయీ!" అని అరిచేవారు. పిన్ని ఆ అరుపు సద్దుమణిగేదాకా కళ్ళు మూసుకుని వినేది. జనం రాకముందే హాలుకి చేరి, అందరూ వెళ్ళాకే ఇంటికి బయల్దేరేది. పోలమ్మ ఎవరన్నది మా వీధిలో మా రెండిళ్ళకే తెలుసు. మగవాడెవడో గొంతు మార్చి చెబుతున్నాడని కొందరు పందేలు కూడా కాశారు. ఒకసారి కూరల బజార్లో ఒకావిడ పోలమ్మలా మాట్లాడి పక్కవాళ్ళని నవ్విస్తోంది. పిన్ని పక్కనే నిలబడి వంకాయలు ఏరుతూ, "అంత బాగా నేదమ్మా. ఆ పోలమ్మ ఇంకా గయ్యాళిది" అంది. నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. తిరిగి వస్తుంటే పిల్లలు మామూలుగానే వెనకపడ్డారు, కుంటుకుంటూ. ఆదివారం పోలమ్మ కోసం గొంతులు చించుకునే పిల్లలే. పిన్ని నా వైపు చూసి కన్ను కొట్టింది. ఆవిడ అంత సంతోషంగా ఉండడం అంతకు ముందు నేను చూడలేదు.

రెండేళ్ళు అలా నడిచాక సమాజం పెద్దలకి ఆలోచన వచ్చింది. జనం పోలమ్మ కోసమే వస్తున్నారు కాబట్టి వినాయక చవితి పందిట్లో పోలమ్మ పేరుతోనే కొత్త ఆట వెయ్యాలన్నారు. గుర్నాథం సంసారం వద్దు, పోలమ్మ ఇల్లు, పోలమ్మ వంట, పోలమ్మ బజారు. పిన్నికి మొదట మనసొప్పలేదు. "గోడకాడ మడిసి గోడకాడే ఉండాల బాబూ. ఇంట్లోకి ఎలితే అందరి ఆడోళ్ళలాగే ఉంటాది" అంది. కానీ భాస్కరరావు గారు ఉత్సాహంగా ఉన్నారు. నేనూ బతిమాలాను, నాకు ఆవిడ పేరు పెద్దగా వినబడాలని ఉండేది. చివరికి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక మాత్రం చిన్నపిల్లయిపోయింది. అంట్లు తోముతూ కూడా పోలమ్మ మాటలే.

ఆ సాయంత్రం పందిట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. మేమిద్దరం తెర పక్కన మైకు దగ్గర. దీపం వెలిగింది. పోలమ్మ తన వంటింట్లోంచి వీధి గుమ్మంలోకి నడిచి రావాలి, అప్పుడు పిన్ని మొదటి మాట. పిన్ని ఇంకా నోరు విప్పలేదు, జనం గొల్లుమన్నారు. మళ్ళీ నవ్వు, మళ్ళీ. పిన్ని మైకుకి చెయ్యి అడ్డం పెట్టి నా చెవిలో, "నానింకా మాటాడనేదు కదే. ఏటికి నవ్వుతున్నారు?" అంది. నాకూ అర్థం కాలేదు. ఆవిడ ముందుకు వంగి తెర వైపు చూసింది.

పోలమ్మకి కొత్తగా కాళ్ళు పెట్టారు. ఒక చెయ్యి మోకాలి మీద అదిమి, ఒళ్ళు పక్కకి వంచి, అడుగడుగుకీ లేచి పడుతూ నడుస్తోంది పోలమ్మ.

పిన్ని మొహం నేను చూడలేకపోయాను. గొంతు మాత్రం విన్నాను. రాసిచ్చిన మాట వదిలేసి, పోలమ్మ గొంతుతోనే మైకులో అంది: "సాల్లే నడిసింది. ఓ బాబూ, ఇక్కడ గోడేటీ నేదా? నన్ను గోడకాడ దింపీండి." జనం చప్పట్లు కొట్టారు, అదీ ఆటలో భాగమే అనుకున్నారు. భాస్కరరావు గారు తీగలు పట్టుకుని గాభరాగా మా వైపు చూశారు. గోడ లేదు. పోలమ్మ సొంత ఆటకి గోడ ఎందుకని ఆయన కత్తిరించనే లేదు. అందుకని ఆట అయ్యేదాకా పోలమ్మ నడుస్తూనే ఉంది. పిన్ని ఒక్క మాట తప్పలేదు. నవ్వులు మాత్రం ఆ మాటల మీద పడలేదు.

మర్నాడు బజార్లో పిల్లలు ఆవిడ వెనక పడ్డారు. ఎప్పటిలాగే కుంటుతూ, కానీ ఈసారి నోటితో కూడా: "పోలమ్మా ఆయీ! పోలమ్మా ఆయీ!" పిన్ని సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చేసింది.

భాస్కరరావు గారు చెడ్డమనిషి కాదు. గీయడమంటే ఆయనకి ఉన్నదున్నట్టు దించడమే, అదే ఆయన ఉద్యోగం. "పోలమ్మ నడక గీద్దామని కూర్చుంటే ఆవిడే కళ్ళముందు నడిచిందమ్మా. వెక్కిరించాలని కాదు, ఒట్టు" అని మా ఇంట్లో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రాత్రంతా కూర్చుని తిన్నని కాళ్ళతో ఇంకో పోలమ్మని చేసి తెచ్చారు. పిన్ని దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. "బాగుంది బాబూ. కానీ ఈయమ్మ ఎవులో నాకు తెల్దు" అని తిరిగి ఇచ్చేసింది. ఆయన వెళ్ళాక నాతో అంది: "నాకు కోపం నేదే. గోడ ఎనకాల ఉన్నన్నాళ్ళూ నాకు రెండు కాళ్ళూ ఉన్నట్టే ఉండీది. అంతే."

చవితి పందిట్లో మిగిలిన రోజుల ఆటకి వేరే ఎవరో గొంతిచ్చారు. జనం రాలేదు. గుర్నాథం ఆట కొన్నాళ్ళు ఈడ్చి, టీవీలు వచ్చాక మానేశారు. పిన్నిని మళ్ళీ రమ్మని ఎంతమంది అడిగినా నవ్వి ఊరుకునేది. క్రమంగా గోడ దగ్గరికి రావడం కూడా తగ్గించింది.

బాబాయి రిటైరై వాళ్ళు పలాస వెళ్ళిపోయే ముందు, ఒక మధ్యాహ్నం మా అమ్మాయి అన్నం తినకుండా పేచీ పెడుతోంది. దానికప్పుడు మూడేళ్ళు. పోలమ్మని అది ఎరగదు. ఏమీ తోచక గోడ వైపు తిరిగి, "పిన్నీ, ఒక్కసారి పిలవవా దీన్ని" అన్నాను. అవతల అంట్లు తోముతున్న చప్పుడు ఆగింది. తర్వాత గోడ అవతల నుంచి ఆ గరగర గొంతు లేచింది, గోడ మీద తల లేవకుండానే. "ఎవులే అది, కూడు తిననంటన్నాది? నాకెట్టీండి, నా గేదికి నిన్నటినుంచీ ఆకలి!" మా అమ్మాయి నోరు తెరిచి గోడకేసి చూసింది. తర్వాత కిలకిలా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ముద్ద తినేసింది.

అవతల నుంచి మామూలు గొంతుతో ప్రశ్న వచ్చింది. "నవ్వినాదేటి?"

"నవ్వింది పిన్నీ."

"ఏటికి నవ్వినాది?"

"నీ మాటకే పిన్నీ. ఒట్టు, నీ మాటకే" అన్నాను.

కాసేపటికి వాళ్ళ వంటింటి తలుపు మూసిన చప్పుడయింది. ఆవిడ పోయిందని పలాస నుంచి కబురొచ్చి కూడా చాలా ఏళ్ళయింది. ఆ రోజు నా మాట ఆవిడ నమ్మిందో, తనని ఓదార్చడానికి అన్నానులే అనుకుందో, నాకు ఈనాటికీ తెలియదు.