రోము చక్రవర్తి మందు, రాయగడ ఆనపపాదు

ఆ రోజుల్లో తెలివి అనేది పార్వతీపురం దాకా రైల్లో వచ్చి, అక్కణ్నించి ఎడ్లబండి ఎక్కి రాయగడ చేరుతుందని నా గట్టి నమ్మకం. ఆ బండి దిగింది నేనొక్కణ్నే కాబట్టి ఊరికంతటికీ సరిపడా తెలివి నా ట్రంకుపెట్టెలోనే ఉందని కూడా నమ్మేవాణ్ని. ఆ పెట్టెలో ఉన్నవల్లా రెండు పంచెలు, నాన్న పాత కోటు (చేతులు నా వేళ్లు దాటి వేలాడేవి), విజయనగరంలో చిత్తుకాగితాలవాడి దగ్గర కొన్న అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి. ప్రాచీన గ్రీసు, రోము దేశాల పెద్దలు చెప్పిన మంచిమాటలన్నీ ఏరి కూర్చిన పుస్తకం అది. మెట్రిక్యులేషన్ పరీక్ష నన్ను రెండుసార్లు వెనక్కి తోసింది గానీ, ఆ పుస్తకం నన్ను ఎన్నడూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అందుకే మా ఇద్దరికీ అంత స్నేహం.

రాయగడలో మా మావయ్య ఎస్టేటు అమీను. అంటే ఠాణా అనే ఆ ఎస్టేటు కచేరీ పరిధిలో పొలం గట్ల తగాదాల నుంచి దొరగారి గుర్రానికి గడ్డి దాకా అన్నీ ఆయన నెత్తిమీదే. నేను ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న జీతం లేని గుమాస్తాను. అన్నం పెట్టేది అత్తయ్య. ఆవిడ అన్నం వడ్డిస్తుంటే నేను ఊరికే తినడం మర్యాద కాదని, రోజుకొక గ్రీకు జ్ఞానిని తిరిగి వడ్డించేవాణ్ని. ఒకనాడు, దోసిలితో నీళ్లు తాగుతున్న పిల్లవాణ్ని చూసి ఒక మహానుభావుడు తనకున్న ఒక్క గిన్నె కూడా అక్కర్లేదని పారేసిన కథను కళ్లు మూసుకుని, గొంతు వణికించి మరీ చెప్పాను. కళ్లు తెరిచేసరికి నా ముందు కంచం లేదు. "ఆ మారాజుకున్న బుద్ధి నీకూ ఉండాలి కదా నాయనా! దోసిలి పట్టు, చారు పోస్తాను" అంది అత్తయ్య. (చారు పొగలు కక్కుతోంది. గ్రీసులో చారు ఉండి ఉండదు.)

మావయ్య మనసు మెత్తన, గొంతు మాత్రం కాదు. ఆయన రాయగడ ఠాణాలో కేకవేస్తే మునిగుడ సంతలో మేకలు పలుపులు తెంపుకునేవి. (నమ్మనివారు ఆ మేకలనే అడగవచ్చు.) ఆ కోపం బంట్రోతుల మీద ఆగితే బాగానే ఉండును, పైవాళ్ల మీదికీ పోయేది. పోయినప్పుడల్లా బదిలీ. అత్తయ్య కాపురం పెట్టిన ప్రతి ఊళ్లోనూ ముందు ఆనపపాదు పెట్టేది. పువ్వు పూసేసరికి ఆయన ఎవరి మీదో కేకవేసేవాడు, పిందె పడేసరికి సామాన్ల బండి గుమ్మంలో ఉండేది. జయపురంలోనూ, గునుపురంలోనూ ఆవిడ పెంచిన కాయలు పరాయివాళ్ల పులుసుల్లో ఉడికాయి. రాయగడలో మాత్రం పాదు, మా ఇంటిని ఆనుకునే ఉన్న ఠాణా పెంకుల మీదికి పాకి విరగకాసింది. అందులో మంచి కాయను ఒకదాన్ని విత్తనానికని తీగకే వదిలి, దిష్టి తగలకుండా గుడ్డ చుట్టింది. సరిగ్గా అప్పుడే కొత్త ఇంగ్లీషు దొర తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ఆ దొరదీ నిప్పులాంటి కోపమేనట. ఈసారి మావయ్య నోరు జారితే మల్కనగిరి అడవులూ చలిజ్వరమూ తప్పవని ఠాణాలో అందరూ అనుకుంటున్నారు.

"ఆ కాయ ఎండి గలగలమనేదాకానైనా నన్నీ ఊళ్లో ఉండనీరా" అంది అత్తయ్య, మావయ్యకి చెప్పలేక నాతో. "నీ పుస్తకంలో లేనిది లేదంటావు కదా. మీ మావయ్య కోపానికేటైనా మందుందేమో చూడు."

ఉంది. ఒక రోము చక్రవర్తి కొలువులో గ్రీకు గురువు ఒకాయన ఉండేవాడట. ముసలితనంలో సొంత ఊరికి పోతూ ఆయన చక్రవర్తికి చెప్పిన సలహా ఏమిటంటే, కోపం వచ్చినప్పుడు అక్షరమాల మొత్తం మనసులో చదువుకున్నాకే నోరు విప్పమని. వక్క కత్తిరించుకుంటున్న మావయ్య పక్కన చేరి ఈ కథ ఎత్తుకున్నాను.

"చక్రవర్తికి కోపం వచ్చేదేట్రా?"

"తెగ వచ్చేది మావయ్యా."

"అయితే నాలాటివాడే అన్నమాట!" మావయ్య మీసం మీద చెయ్యి వేశాడు. "చెప్పు, చెప్పు. ఏటి చదివేవాడు?"

నేను అక్కడే ఒక సంగతి ఆలోచించలేదు. గ్రీకులవి ఇరవై నాలుగే అక్షరాలు. ఒక దగ్గు వచ్చి పోయేలోగా అయిపోతాయి. మనవి యాభై దాటతాయి. పైగా మావయ్య ఏ పనీ అరకొరగా చేసే మనిషి కాదు. చక్రవర్తిగారి మందులో దినుసులు తగ్గించడం పాపమని, అక్షరమక్షరాన్నీ పేరుపేరునా పలకరిస్తూ వెళ్లేవాడు. మర్నాడే పొడుగు బంట్రోతు సిరాబుడ్డి ఒంపేశాడు. మావయ్య ముఖం కందగడ్డ అయింది, పెదవులు కదలడం మొదలైంది. అచ్చులు పూర్తయ్యేసరికి బంట్రోతు వరండా దిగాడు. 'ట' దగ్గర వీధి మలుపు తిరిగాడు. 'మ' దగ్గర నాగావళి అవతలి ఒడ్డున కూర్చుని చుట్ట ముట్టించాడు. మావయ్య 'ఱ' అని కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా మిగిలింది నేనే. ఆ తిట్లు వృథా పోనివ్వడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

వారం తిరక్కుండా ఊరంతా ఈ కిటుకు పట్టేసింది. "బాబుగోరి పెదాలాడతన్నాయిరా! నడండి, నడండి!" అని బంట్రోతు కేకవేస్తే ఠాణా ఖాళీ. అత్తయ్య మాత్రం పారిపోయేది కాదు. కొంగు దోపుకుని ఎదురుగా వచ్చి కూర్చునేది. "మీరు కానియ్యండి, తొందరేం లేదు. ఈలోగా నా మాట వినండి. మా తమ్ముడి పెళ్లికి నన్ను పంపలేదు. గునుపురంలో నాకు జొరమొస్తే ఎలా ఉందని ఒక్క మాటడగలేదు..." మావయ్య ఆగమని చెయ్యి ఊపేవాడు గానీ నోరు విప్పితే మళ్లీ మొదటినుంచీ చదవాలి. చివరి అక్షరం అయ్యేసరికి కోపం ఎటో పోయి, "అంత జొరమొచ్చిందా అప్పుడు?" అని నెమ్మదిగా అడిగేవాడు. ఆవిడ కాపురానికి వచ్చిన అన్నేళ్లలో ఆయన ఆవిడ మాట చివరిదాకా విన్నది ఆ రోజుల్లోనే.

దొర రానే వచ్చాడు. కచేరీ గది చూశాడు, గడ్డి చూశాడు, తల పైకెత్తి పెంకుల మీద పాదు చూశాడు. గుడ్డ చుట్టిన కాయను చేతికర్రతో పొడుస్తూ, ఇది కచేరీయా కూరగాయల దుకాణమా, ఇప్పుడే పీకించమన్నాడు. తలుపు వెనక అత్తయ్య గాజులు గలగలమన్నాయి. మావయ్య ముఖం కందింది. పెదవులు కదిలాయి. (పొడుగు బంట్రోతు అలవాటు ప్రకారం అప్పటికే లేడు.) "మాట్లాడవేం?" అని దొర గద్దించాడు. మావయ్య కళ్లు మూసుకునే, దొర ముఖానికి ఎదురుగా అరచెయ్యి ఎత్తి ఆగమన్నాడు! నాకు మల్కనగిరి కొండలు కళ్లముందు కనిపించాయి.

"ఇతను నా మీద మంత్రం వేస్తున్నాడా?" అని దొర నావైపు తిరిగాడు. రెండుసార్లు తప్పిన ఇంగ్లీషునంతటినీ కూడగట్టుకుని చెప్పాను: "రోము చక్రవర్తి, సార్. గ్రీకు గురువు, సార్. కోపానికి అక్షరాలు, సార్. ప్రస్తుతం 'న' దాకా వచ్చారు, సార్."

దొర నన్ను చూశాడు, మావయ్య పెదవులు చూశాడు. అంతలో కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు బళ్లో ఆ గ్రీకు అక్షరాల కోసమే తను బెత్తం దెబ్బలు తిన్నాడట. చేతికర్రకు ఆనుకుని నిలబడి, గుర్రప్పందెం చూస్తున్నవాడిలా 'ఱ' కోసం కాచుకున్నాడు. మావయ్య కళ్లు తెరిచాడు. "పాదు మా ఆవిడది. పీకాలంటే ఆవిణ్ని అడగండి" అన్నాడు, పెళ్లిలో తాంబూలం అందించినంత నెమ్మదిగా. దొర తలుపు వైపు ఒకసారి చూసి, కర్ర దించి, అంత అవసరం లేదన్నాడు. పోతూ పోతూ, ఇంత నిదానస్తుడు కోరాపుట్టు కచేరీలో తన పక్కన ఉండాలని, వారంలో బయల్దేరమని హుకుం చేశాడు. ప్రమోషనట!

తలుపు వెనక నుంచి అత్తయ్య గొంతు లేచింది. "కోపపడినా బదిలీయే, కోపపడకపోయినా బదిలీయేనా? ఎవడ్రా ఆ రోమువాడు? ఓసారి ఇలా రమ్మను!"

"గట్టిగా అరవకే, దొర వింటాడు. నువ్వూ అక్షరాలు చదువుకో, తగ్గుతుంది" అన్నాడు మావయ్య.

అత్తయ్య తలుపు ఓరగా తీసింది. కోపం ఏమాత్రం లేని గొంతుతో, "నాకెవరు నేర్పేరండీ?" అంది.

మావయ్య నావైపు చూశాడు. నేను నా చెప్పులవైపు చూశాను. అప్పుడాయన పంచె ఎగ్గట్టి పరుగు తీశాడు. ఏ అక్షరమూ చదవకుండానే, కదలబోతున్న దొర గుర్రం కళ్లెం పట్టుకున్నాడు. "కాయ ఎండాలి, దొరా! అది ఎండేదాకా నేను కదలను." దొర మళ్లీ నవ్వి, ఎండేదాకా ఉండమన్నాడు.

కాయ తీరిగ్గానే ఎండింది. ఆ రోజులన్నీ వరండాలో పలక మీద అక్షరాభ్యాసం జరిగింది. అత్తయ్య అ, ఆలు ఒద్దికగా దిద్దింది. ఋ దగ్గర మొహం చిట్లించింది. ఌ దగ్గర బలపం కింద పెట్టేసింది. "దీంతో ఏ మాట వస్తుందండీ?" మావయ్య బుర్ర గోక్కున్నాడు, నన్నడిగాడు, నేనూ గోక్కున్నాను. "అయితే ఇది మనకొద్దు. ఏ పనీ చెయ్యనివాడు ఇంట్లో ఒక్కడున్నాడు, చాలు" అంది నావైపు చూడకుండానే. చక్రవర్తికోసమైనా ఒక్క అక్షరం తగ్గించని మావయ్య, ఆవిడ కొంగుతోనే ఆ అక్షరం తుడవనిచ్చాడు.

ఇప్పుడు నాకూ ఆ మావయ్య వయసు వచ్చింది. ఆయన కోపం ముందే వచ్చింది. ఎవరి మీదైనా నోరు చేసుకోబోయి, గ్రీకు గురువును తలుచుకుని, కళ్లు మూసుకుని అ, ఆ అని మొదలుపెడతాను. ఌ దగ్గరికి వచ్చేసరికి ఆ వరండా, ఆ బలపం, పుస్తకం చంకలో పెట్టుకుని గ్రీసు దేశమంతా తనవల్లే నిలబడిందన్నట్టు నిల్చున్న ఆ కుర్రవెధవా కనబడి నవ్వొస్తుంది. ఇన్నేళ్లయినా నేను హల్లుల దాకా వెళ్లిందే లేదు.